నిబ్బరం నేర్చిన కుక్క

పోటీ బరిలో కుక్క తడబడితే పాఠం సరిగా రాలేదని అనుకోవడం మామూలు. చాలాసార్లు అసలు కారణం బెదురు. ఇంటి వాకిట్లో ‘సిట్’ అనగానే కూర్చునే కుక్క, వందలమంది మూగిన మైదానంలో అదే మాట విని చెవులు వెనక్కి వాల్చుకుని నేల వాసన చూస్తూ నిలబడిపోతుంది. మాట దానికి తెలుసు. ఆ చోట ఏం జరగబోతుందో మాత్రం తెలియదు. తాను ఫలానా పని చేస్తే ఫలానా ఫలితం వస్తుందని, చోటు మారినా చప్పుడు మారినా ఆ లెక్క తప్పదని కుక్క తన అనుభవంతో తెలుసుకుని ఉండటమే నిబ్బరం. ఊరికే మొరగడాన్ని, మనుషుల మీదికి ఉరకడాన్ని ధైర్యమని మురిసిపోయే యజమానులు ఉంటారు. చాలా కుక్కల్లో అవి భయం వేసుకున్న వేషాలే.

కుక్క నిబ్బరాన్ని పరీక్షించే పోటీలు ప్రధానంగా రెండు. మొదటిది ఒబీడియన్స్, అంటే ఆజ్ఞాపాలన. తనను నడిపించే మనిషి, అంటే హ్యాండ్లర్, ఎడమ మోకాలి పక్కనే నడవడం, చెప్పగానే కూర్చోవడం, పడుకోవడం, హ్యాండ్లర్ దూరంగా వెళ్ళినా కదలకుండా ఉండటం, పిలిస్తే నేరుగా రావడం, విసిరిన వస్తువు తెచ్చివ్వడం ఇందులో అంశాలు. 1933లో న్యూయార్క్ రాష్ట్రంలోని మౌంట్ కిస్కోలో హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే పూడుల్ పెంపకందారు ఇలాంటి పరీక్షలు జరిపించారు. పూడుల్ అందానికే తప్ప పనికి రాదన్న మాట తప్పని చూపించాలన్నది ఆమె పట్టుదల. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిని తన పోటీల్లో చేర్చుకుంది. రెండోది ఎజిలిటీ. 1978లో లండన్ క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో విరామ సమయంలో జనాన్ని అలరించడానికి జాన్ వార్లీ, పీటర్ మీన్‌వెల్ గుర్రాల జంపింగ్ పోటీని కుక్కలకు తగినట్టు మలిచారు. హర్డిల్స్ దూకడం, గొట్టం లాంటి సొరంగంలోంచి బయటపడటం, 60 సెంటీమీటర్ల ఎడంతో పాతిన 12 కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పోవడం, ఏటవాలు గోడ ఎక్కి దిగడం, సన్నని వంతెన మీద నడవడం, తూగుబల్ల దాటడం ఇందులో ఉంటాయి. కుక్కకు గొలుసు ఉండదు, హ్యాండ్లర్ దాన్ని ముట్టుకోకూడదు. మాటతోనూ చేతి సైగతోనూ తన నడకతోనూ దారి చూపాలి. చేయి ఆసరా లేని ఈ ఆటలో కుక్క లోపలి బెదురు ఇట్టే బయటపడుతుంది.

తెలుగు నేల మీద ఈ విద్య క్రమపద్ధతిలో సాగేది పోలీసు జాగిలాల శిక్షణలో. హైదరాబాద్ పక్కన మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో, రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ వైపు మంగళగిరి ఏపీఎస్పీ 6వ బెటాలియన్‌లో జాగిలాలు, వాటి హ్యాండ్లర్లు కలిసి నేర్చుకుని జిల్లాల డాగ్ స్క్వాడ్‌లకు వెళ్తారు. దేశస్థాయిలో సరిహద్దు భద్రతా దళం గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో 1970 నుంచి జాతీయ శిక్షణ కేంద్రాన్ని నడుపుతోంది. ఈ కుక్కలకు పోటీ వేదిక పోలీస్ డ్యూటీ మీట్. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ తొలి రాష్ట్రస్థాయి మీట్ 2021 జనవరిలో తిరుపతిలో జరిగింది. 2024లో లక్నోలో జరిగిన అఖిల భారత మీట్‌లో సరిహద్దు భద్రతా దళానికి చెందిన రియా అనే ముధోల్ కుక్క ట్రాకర్ విభాగంలో మొదటి స్థానం, మొత్తం పోటీలో ఉత్తమ జాగిలం బహుమతి రెండూ గెలిచింది. వందకు పైగా విదేశీ జాతి కుక్కలు దానితో పోటీ పడ్డాయి. ఈ దేశవాళీ జాతికి పేరిచ్చిన ముధోల్ ఊరు ఉన్నది మన పొరుగు కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో. దేశవాళీ కుక్క వేటకూ కాపలాకూ తప్ప క్రమశిక్షణకు లొంగదన్న నమ్మకం కర్నూలు, కడప పల్లెల్లో ఇప్పటికీ బలంగా ఉంది. ఆ నమ్మకాన్ని మార్చుకోవడానికి రియా గెలుపు ఒక్కటి చాలు.

బెదురును గుర్తుపట్టడం

బెదిరిన కుక్క తోక కాళ్ళ మధ్య ముడుచుకునేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అంతకు చాలా ముందే చిన్న గుర్తులు కనిపిస్తాయి. నిద్ర రాకున్నా ఆవలించడం, తినేది ఏమీ లేకున్నా పెదవులు నాకడం, ముందు కాలు ఒకటి లేపి ఉంచడం, తడవకున్నా ఒళ్ళు విదిలించడం, ముఖం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం, పిలిస్తే వంకర దారిలో నెమ్మదిగా రావడం. ఇష్టమైన తిండి ముక్కను కూడా తీసుకోకపోవడం గట్టి గుర్తు. బరిలో ఉన్నట్టుండి నేల వాసన చూడటం మొదలుపెట్టిన కుక్కను మొండిదనో పరధ్యానమనో తిట్టడం పరిపాటి. తిట్టిన కొద్దీ ఆ వాసన చూడటం ఎక్కువవుతుంది. చిక్కులో పడిన కుక్క అలా చేస్తుందే తప్ప ధిక్కారంతో కాదు.

అయితే బెదురులా కనిపించేదంతా బెదురు కాదు. రాయలసీమలో ముందుగా అనుమానించాల్సింది ఎండను. కుక్క ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల మెత్తల్లో కొద్దిగా తప్ప స్వేద గ్రంథుల వల్ల దానికి చల్లదనం అందదు. నాలుక చాచి రొప్పడమే దాని ప్రధాన ఉపాయం. దాని మామూలు శరీర ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. 41 దాటితే ప్రాణానికి ముప్పు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో గాలి ఉష్ణోగ్రతే తరచూ 40 దాటుతుంది. నాపరాయి బండలు అంతకంటే చాలా ఎక్కువ కాలుతాయి. అలాంటి పూట కుక్క హర్డిల్ ముందు ఆగిపోతే అది ఒంట్లో మిగిలిన వివేకమే. రెండో అనుమానం జబ్బు మీద. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో కుక్క పైకి మామూలుగానే తిరుగుతూ పనిలో మాత్రం మందగిస్తుంది. మూడోది నొప్పి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు లోపం తరచుగా కనిపిస్తుంది. నిన్నటిదాకా దూకిన ఎత్తును కుక్క ఇవాళ వద్దంటే శిక్షణ మార్చే ముందు పశువైద్యుడికి చూపించాలి. నొప్పితో దూకించిన ప్రతిసారీ ఆ అడ్డంకి మీద భయం కూడా ముద్ర పడుతుంది. నొప్పి తగ్గినా ఆ భయం ఉండిపోతుంది.

మొదటి పన్నెండు వారాలు

బెదురులో కొంత వంశం నుంచి వస్తుంది. పిరికి తల్లి పిల్లల్లో పిరికితనం ఎక్కువ. అందుకే పిల్లను ఎంచుకునేటప్పుడు దాని ఒంటి రంగు కంటే తల్లి కొత్తవాళ్ళను చూసి ఏం చేస్తుందో గమనించడం మంచిది. మిగతా దానిలో అతి పెద్ద భాగం పుట్టిన మూడో వారం నుంచి పన్నెండో వారం లోపు నిర్ణయమవుతుంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రం బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ళ తరబడి కుక్కల సంతతిని పరిశీలించి 1965లో ప్రచురించిన గ్రంథంలో ఈ కాలానికి పెద్ద పీట వేశారు. అక్కడే డేనియల్ ఫ్రీడ్‌మన్, ఆయన సహచరులు చేసి 1961లో ప్రకటించిన ప్రయోగం మరీ స్పష్టమైనది. కాకర్ స్పానియల్, బీగిల్ పిల్లలను ఎత్తైన కంచె ఉన్న పొలంలో మనుషుల స్పర్శ లేకుండా పెంచారు. కొన్నింటిని రెండో వారంలో, కొన్నింటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిదో వారాల్లో ఒక్కో వారం పాటు బయటికి తెచ్చి మనుషుల మధ్య ఉంచారు. పద్నాలుగు వారాలు నిండేదాకా మనిషి ఎరుగని పిల్లలు ఆ తర్వాత ఎంత బుజ్జగించినా అడవి జంతువుల్లా దూరం దూరంగానే తిరిగాయి. ఐదు నుంచి తొమ్మిది వారాల మధ్య మనుషులను చూసినవి తేలిగ్గా కలిసిపోయాయి.

పోటీకి పెంచే పిల్ల ఈ వారాల్లో చూడాల్సింది మనుషులను మాత్రమే కాదు. గొడుగు విప్పడం, ఆటో హారన్, స్టీలు చెంబు కింద పడిన చప్పుడు, చేతికర్రతో నడిచే ముసలివాళ్ళు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు, తలమీద మూట మోసేవాళ్ళు, తప్పెట చప్పుడు, మేకల మంద అన్నీ దాని కంట, చెవిన పడాలి. కర్నూలులో వినాయక నిమజ్జనం రోజు మోగే డప్పులు, బాణసంచా పెద్ద కుక్కలనే అదరగొడతాయి. మూడు నెలల పిల్లను ఆ ఊరేగింపు పక్కకు తీసుకుపోవడం శిక్షణ అనిపించుకోదు. అదే డప్పు నాలుగు వీధుల అవతల వినిపిస్తున్నప్పుడు పిల్ల ముందు తిండి గిన్నె పెడితే అది నిజంగా శిక్షణ. మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్ 1924లో కుందేలును చూసి భయపడే పీటర్ అనే పసివాడి విషయంలో చేసింది ఇదే. పిల్లవాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును దూరం నుంచి కొద్ది కొద్దిగా దగ్గరికి తెచ్చారు. భయం తలెత్తని దూరాన్ని కనిపెట్టడం, ఆ దూరంలో మంచి జరిగేలా చూడటం, ఆ తర్వాతే ఒక అడుగు దగ్గరికి జరగడం. ఆ వంద ఏళ్ళనాటి సూత్రానికి మించినది ఇప్పటికీ లేదు.

టీకాల వరస పూర్తయ్యేదాకా పిల్లను గడప దాటనివ్వకూడదన్న సలహా వినిపిస్తుంది. పార్వో జబ్బు ప్రాణాంతకం కాబట్టి ఆ భయం న్యాయమైనదే. కానీ టీకాలు పూర్తయ్యేది పదహారో వారానికి. అప్పటికి కొత్తదాన్ని భయం లేకుండా స్వీకరించే కాలం మూసుకుపోతుంది. అమెరికా పశుప్రవర్తన వైద్యుల సంఘం 2008లో తొలి టీకా పడ్డాక జాగ్రత్తలతో పిల్లను లోకంలోకి తీసుకుపోవాలనే చెప్పింది. వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించకుండా, చంకలో పెట్టుకుని బస్టాండ్ చూపించి తీసుకురావచ్చు. జబ్బు లేని, టీకాలు వేసిన కుక్కలున్న ఇళ్ళకు తీసుకుపోవచ్చు.

కాలి కింద నేల సంగతి విడిగా చెప్పాలి. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఇంటి నేలంటే బేతంచెర్ల బండలో కడప బండలో. పాలిష్ పెట్టిన బండ మీద కుక్కపిల్ల పరుగెత్తితే నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారుతాయి. అలా పదేపదే జారిన పిల్ల నేలనే నమ్మడం మానేస్తుంది. గోడ వెంబడే ఆనుకుని నడుస్తుంది. తర్వాత దాన్ని వంతెన పలక ఎక్కించబోతే పలకను కాక తన కాళ్ళనే అనుమానిస్తుంది. కొన్ని గోనెపట్టాలు, పాత రబ్బరు చాపలు పరిచి ఆ పిల్లకు జారని దారి ఇవ్వడం ఖర్చు లేని పని. ఆ తర్వాత ఇసుక, నల్లరేగడి, ఎండుగడ్డి, రేకు, తడి సిమెంటు, తూట్లున్న చెక్క, కదిలే బల్ల ఇలా రకరకాల నేలల మీద దానంతట అది కాలు పెట్టేలా తిండి ముక్కలు చల్లాలి. ఎత్తి తెచ్చి నిలబెట్టకూడదు. అడుగు అది వెయ్యాలి.

అదుపు తన చేతిలో ఉందన్న అనుభవం

కుక్క నిబ్బరం ఎలా చెదురుతుందో మొదట ప్రయోగశాలలో కనిపించింది రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ బృందానికి. ఆయన దగ్గర పనిచేసిన షెంగర్-క్రెస్టోవ్నికోవా ఒక కుక్కకు వృత్తం చూపినప్పుడు తిండి పెట్టి, పొడవాటి దీర్ఘవృత్తం చూపినప్పుడు పెట్టకుండా రెంటికీ తేడా నేర్పారు. అది చక్కగా పట్టుకుంది. ఆ తర్వాత దీర్ఘవృత్తాన్ని మెల్లగా వృత్తానికి దగ్గరగా మారుస్తూ పోయారు. రెండు అక్షాల నిష్పత్తి 9:8కి చేరినప్పుడు కుక్క తడబడింది. మూడు వారాలు అదే పని చేయించేసరికి తేడా కనుక్కోవడం మెరుగు పడకపోగా పూర్తిగా పోయింది. అంతవరకు నెమ్మదిగా ఉన్న కుక్క అరుస్తూ, పెనుగులాడుతూ, పరికరాలను కొరకసాగింది. అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి చివర్లో తేలింది. మొదట్లో సునాయాసంగా గుర్తించిన పాత తేడాను కూడా అది మరిచిపోయింది. మోయలేని కష్టం పెడితే ఆ పాఠం ఒక్కటే కాదు, దాని కింద ఉన్న పాఠాలన్నీ కూలుతాయి. కదలకుండా రెండు నిమిషాలు ఉండటం వచ్చిన కుక్కను ఒకేసారి పది నిమిషాలు ఉంచి, లేచినందుకు కసిరితే మర్నాడు అర నిమిషం కూడా ఉండకపోవడం ఇలాంటిదే.

పావ్లోవ్ చూసిన మరో ఘటన 1924 సెప్టెంబరు 23 నాటి లెనిన్‌గ్రాడ్ వరద. బోనుల్లోకి నీరు చేరి, కుక్కలు ఈదుతూ ప్రాణాలు దక్కించుకున్నాయి. ఆ తర్వాత కొన్ని కుక్కలు నేర్చుకున్నవి పోగొట్టుకున్నాయి. చాలా రోజులు కష్టపడి మళ్ళీ నేర్పాక ఒకరోజు గది తలుపు కింది నుంచి కొద్దిగా నీరు పారేలా చేస్తే చాలు, పాత భయమంతా తిరిగి వచ్చింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడటం చూసిన కర్నూలువాసులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. అణిగినట్టు కనిపించే భయం పోయిందని అనుకోకూడదని ఈ ఘటన చెబుతుంది. నయమైన కుక్కను కూడా పాత గాయం గుర్తు చేసే చోటికి నిదానంగానే తీసుకెళ్ళాలి.

1967లో మనస్తత్వవేత్తలు మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ ప్రకటించిన ప్రయోగాలు క్రూరమైనవి, ఇవాళ సమర్థించలేనివి. అయినా వాటి నుంచి తెలిసింది కుక్కల మేలుకే పనికొచ్చింది. కొన్ని కుక్కలకు విద్యుత్తు షాక్ తగిలినప్పుడు తలతో ఒక పలకను నొక్కితే ఆగేది. వాటికి జతగా ఉన్న మరికొన్నింటికి అంతే షాక్ తగిలేది గానీ ఏం చేసినా ఆగేది కాదు. తర్వాత రెండు రకాలనూ అడ్డుగోడ దూకితే తప్పించుకోగల పెట్టెలో ఉంచారు. పలక నొక్కిన కుక్కలు దూకాయి. రెండో రకంలో ఎక్కువ భాగం దూకే ప్రయత్నమే చేయకుండా పడి ఉన్నాయి. ముందుగా ఒకసారి తప్పించుకున్న అనుభవం ఉన్న కుక్కలు మాత్రం ఆ తర్వాత అదుపు లేని షాక్ తగిలినా నీరసించిపోలేదు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, ఆ ఇద్దరే మెదడు పరిశోధనల వెలుగులో తమ వివరణను తిరగరాశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదు, దీర్ఘమైన కష్టానికి మెదడు సహజంగా ఇచ్చే జవాబే అది. నేర్చుకునేది అదుపును. నా పని వల్ల పరిస్థితి మారుతుందన్న అనుభవం మెదడు ముందుభాగంలో నిలిచి, ఆ సహజ కుంగుబాటును అణచి ఉంచుతుంది. శిక్షకుడి పనంతా ఈ ఒక్క మాటలో ఉంది: కుక్క తన పనితో ఫలితం రాబట్టిన అనుభవాలను వీలైనన్ని పోగుచేయడం, అదీ పోటీకి చాలా ముందు.

రాయలసీమ రైతుకు ఈ లెక్క పరిచయమే. బండలాగుడు పోటీల్లో పాలపళ్ల గిత్తలు, రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, పెద్దవి అని విడివిడిగా విభాగాలు ఉంటాయి. పెద్దవాటి బండకు పాలపళ్ల జతను కట్టే రైతు ఎవరూ ఉండరు. ఒకసారి కదలని బండ ముందు మోకరిల్లిన గిత్త మళ్ళీ కాడి కింద మెడ పెట్టడానికి జంకుతుందని వాళ్ళకు తెలుసు. కుక్కకూ అదే మర్యాద దక్కాలి.

తూగుబల్ల పాఠం

ఎజిలిటీలో కుక్కల గుండె జారే చోటు తూగుబల్ల. మూడున్నర మీటర్లకు పైగా పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పలక 60 సెంటీమీటర్ల ఎత్తులో ఇరుసు మీద తిరుగుతుంది. కుక్క ఒక కొస నుంచి ఎక్కి నడుస్తుంటే నడిమి దాటగానే పలక కిందికి ఒరిగి నేలకు ఠప్పున కొట్టుకుంటుంది. కాలి కింద నేల కదలడం, పెద్ద చప్పుడు, అదురు మూడూ ఒక్క క్షణంలో మీద పడతాయి. మొదటిరోజే గొలుసు పట్టి దాటిస్తే దాటుతుంది. మర్నాడు బల్ల కనిపించగానే పక్కకు తప్పుకుంటుంది.

మంచి శిక్షకులు ఆ మూడింటినీ విడదీస్తారు. ముందు పలకను నేలమీద పరిచి దాని మీద తిండి ముక్కలు పెడతారు. ఉడకబెట్టిన కోడి కాలేయం ముక్కలు ఈ పనికి బాగా పనికొస్తాయి. రోజూ తినే సంగటి ముద్ద కొత్త ధైర్యానికి తగిన కూలి కాదు. తర్వాత పలక కింద నడిమధ్య సన్నని కట్టె పెట్టి అంగుళం మాత్రం కదిలేలా చేస్తారు. చప్పుడును వేరే ఆటగా నేర్పుతారు. పలక ఒక కొస కింద గోనెసంచులు మడిచి పెట్టి, పైకి లేచి ఉన్న ఆ కొసను కుక్క ముందుకాలితో తట్టి దించేలా చేస్తారు. తట్టగానే ఒక మెత్తని చప్పుడు, వెంటనే ఒక ముక్క. సంచులు ఒక్కొక్కటీ తీసేకొద్దీ చప్పుడు పెరుగుతుంది గానీ ఆ చప్పుడు చేస్తున్నది తానే. రెండు మూడు రోజులకు కుక్క తోక ఊపుతూ బల్లను బాదడం కనిపిస్తుంది. తన మీద పడే శబ్దానికి బెదిరే కుక్క తాను చేసే శబ్దానికి సంబరపడుతుంది. ఈ మార్పు కళ్ళారా చూసినవాళ్ళు మళ్ళీ గొలుసు లాగే పద్ధతికి వెళ్ళరు. తర్వాత రెండు కొసల కిందా బల్లలు వేసి పలక కొద్దిగానే ఒరిగేలా చేసి కుక్కను నడిపిస్తారు. బల్లల ఎత్తు తగ్గిస్తూ పోయి చివరికి తీసేస్తారు. పలక కొస దగ్గర కుక్క ఆగి, అది నేలకు తాకాక దిగడం అప్పుడే అలవాటవుతుంది. ఎక్కడైనా వరసగా రెండుసార్లు జంకితే వెనకటి మెట్టుకు దిగాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మెలికల కర్రల దగ్గర కుక్కకు ఇంత భయం ఉండదు, ఓపికే కావాలి. సొరంగం మొదట్లో మడిచి పొట్టిగా చేస్తే అవతలి వెలుగు కనిపిస్తుంది. అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య పోటీల్లో 18 నెలలు నిండని కుక్కకు ఎజిలిటీ ప్రవేశం లేదు. ఎముకల కొనలు గట్టిపడేదాకా పూర్తి ఎత్తు దూకించకపోవడం శరీరానికీ మనసుకూ మేలు.

పాఠం ఎంతసేపన్నదీ ముఖ్యమే. డెన్మార్క్‌లో బీగిల్ కుక్కల మీద చేసి 2011లో ప్రకటించిన అధ్యయనంలో రోజూ శిక్షణ పొందినవాటికంటే వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే పొందినవి తక్కువ పాఠాల్లోనే పని నేర్చుకున్నాయి. పొట్టి పాఠాలు పొడవు పాఠాలకంటే బాగా పనిచేశాయి. పోటీ దగ్గర పడిందని గంటల తరబడి రుద్దడం కుక్కను అలిపించడానికే పనికొస్తుంది.

దండన సంగతి

కుక్కల శిక్షణ మీద తొలి ప్రామాణిక గ్రంథం జర్మన్ పోలీసు అధికారి కోన్రాడ్ మోస్ట్ 1910లో రాశారు. ఫలితాన్ని బట్టి ప్రవర్తన మారుతుందని ఆయన చాలా ముందే గ్రహించారు గానీ ఆయన పద్ధతిలో బలవంతానికి పెద్ద చోటు ఉంది. ఆ వారసత్వం ప్రపంచమంతా పోలీసు, సైనిక శిక్షణలో చాలాకాలం నడిచింది. పోర్చుగల్‌లో ఏడు శిక్షణ శాలల నుంచి 92 పెంపుడు కుక్కలను తీసుకుని చేసి 2020లో ప్రకటించిన అధ్యయనం ఆ పద్ధతి ఖరీదును కొలిచింది. గొలుసు గుంజడం, అరవడం వంటి దండనలు ఎక్కువగా వాడిన చోట కుక్కలు శిక్షణ సమయంలో ఎక్కువ బెదురు గుర్తులు చూపాయి, లాలాజలంలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది. శాల బయట కూడా తేడా తెలిసింది. ఒక మూల గిన్నెలో తిండి ఉంటుందని, మరో మూల గిన్నె ఖాళీ అని నేర్పి, మధ్యలో గిన్నె పెడితే దండన ఎక్కువ తిన్న కుక్కలు నెమ్మదిగా వెళ్ళాయి. ఏమీ దొరకదులే అన్న నిరాశ వాటికి అలవాటైంది. ఎజిలిటీ బరిలో కొత్త అడ్డంకి ఎదురైనప్పుడు కావాల్సింది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన స్వభావం.

దండన లేకపోవడం అంటే హద్దు లేకపోవడం కాదు. తప్పు చేస్తే ముక్క రాదు, ఆట ఆగుతుంది. సరైన పని ఏదో స్పష్టంగా ఉంటుంది, అది కుక్కకు అందేంత దగ్గరలో ఉంటుంది.

హ్యాండ్లర్ మనసు

కుక్క బరిలో చూసేది అడ్డంకులను మాత్రమే కాదు. ఇటలీలో ఇసబెల్లా మెరోలా, ఆమె సహచరులు 2012లో ప్రకటించిన ప్రయోగంలో ప్లాస్టిక్ రిబ్బన్లు కట్టిన ఫ్యాను ముందు ఉంచితే కుక్కల్లో పదింట ఎనిమిదికి పైగా ఒకసారి ఫ్యానును, ఒకసారి యజమాని ముఖాన్ని మార్చి మార్చి చూశాయి. యజమాని భయం నటిస్తే చాలా కుక్కలు దగ్గరికి పోలేదు. తెలియనిదాన్ని అర్థం చేసుకోవడానికి కుక్క ముందు మనిషి ముఖాన్నే చదువుతుందన్న మాట. స్వీడన్‌లోని లిన్షాపింగ్ విశ్వవిద్యాలయంలో 58 కుక్కల, వాటి యజమానుల వెంట్రుకల్లో కార్టిసాల్ కొలిచి 2019లో ప్రకటించిన ఫలితం ఇంకా లోతైనది. నెలల తరబడి సాగే ఒత్తిడి ఇద్దరిలోనూ ఒకే తీరుగా హెచ్చుతగ్గులు చూపింది. పోటీల్లో పాల్గొనే కుక్కల్లో ఈ పొంతన మరింత బలంగా ఉంది. అమెరికాలో ఎజిలిటీ పోటీలో ఓడిన పురుషుల మీద 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఓడాక కుక్కను తోసి, కసిరిన హ్యాండ్లర్ల కుక్కల్లో ఒత్తిడి పెరిగింది. నిమిరి ఆడించినవాళ్ళ కుక్కల్లో తగ్గింది. ఓటమి బాధ కుక్కకు స్కోరు బోర్డు నుంచి రాదు, పక్కనున్న మనిషి నుంచి వస్తుంది.

ఉత్సాహానికీ ఒక మోతాదు ఉంది. అమెరికాలో ఎమిలీ బ్రే బృందం 2015లో నిమ్మళంగా ఉండే సహాయక కుక్కలను, ఎగిరిపడే పెంపుడు కుక్కలను పారదర్శకమైన అడ్డు చుట్టి రావలసిన పనికి పెట్టింది. హుషారుగా పిలిస్తే నిమ్మళమైనవి మెరుగ్గా చేశాయి, ఎగిరిపడేవి అడ్డుకు గుద్దుకున్నాయి. కాబట్టి బరిలోకి దిగే ముందు అన్ని కుక్కలనూ చప్పట్లతో రెచ్చగొట్టడం తప్పు. మందంగా ఉన్నదాన్ని తాడాటతో లేపాలి. ఉడుకుతున్నదాన్ని నెమ్మదిగా నడిపించి, నేల మీద ముక్కలు వెతికించి చల్లార్చాలి.

పోటీ రోజు

ఇంట్లో నేర్చినది మైదానంలో దానంతట అది రాదు. కుక్క పాఠాన్ని చోటుతో కలిపి గుర్తుంచుకుంటుంది. అందుకే పోటీకి ముందు నెలల్లో పాఠశాల ఆటస్థలం, రైతుబజార్ పక్కన ఖాళీ జాగా, పెళ్ళిమంటపం బయట, రైల్వే గేటు దగ్గర ఇలా చోట్లు మారుస్తూ అతి తేలికైన పనులే అడగాలి. కొత్త చోట తేలిక పని, పాత చోట కష్టం పని. రెండూ ఒకేసారి పెంచకూడదు. పక్కన కుక్క మొరుగుతుంటే కదలకుండా ఉండటం, జడ్జి దగ్గరగా వచ్చి నిలబడటం, మైకులో మాట, ఫోటోలు తీసేవాళ్ళు కూడా విడివిడి పాఠాలే.

రాయలసీమలో పోటీలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకోవడమే ధర్మం. ఆ నెలల్లో కూడా పొద్దెక్కాక చేయి వెనకభాగాన్ని నేలకు ఆనించి చూడాలి. ఏడు సెకన్లు ఆనించలేనంత వేడి ఉంటే కుక్క పాదానికీ తగదు. నీడ, తాగునీరు, పొట్ట కింద చల్లడానికి నీళ్ళు దగ్గర ఉండాలి. చిగుళ్ళు ముదురెరుపుకు తిరిగినా, రొప్పడం ఆగకపోయినా, నడక తూలినా పేరు వెనక్కి తీసుకుని నీళ్ళు చల్లుతూ పశువైద్యుడి దగ్గరికి పోవాలి. బరిలోకి వెళ్ళాక తెలిసిన ముక్క తినని కుక్క ఆనాటికి సిద్ధంగా లేదు. నిర్వాహకులు ఒప్పుకుంటే ఒక్క తేలిక హర్డిల్ దూకించి మెచ్చుకుని బయటికి తీసుకురావడం ఆరోజు చేయగల ఉత్తమమైన పని.

బరిలో ఒకసారి బెదిరిన కుక్కకు నెమ్మదిగా తిరిగి ధైర్యం కూడగట్టే దారుల్లో వాసన పని మేలైనది. షార్లెట్ దురాంతోన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2019లో ప్రకటించిన ప్రయోగంలో రెండు వారాలు వాసన పట్టి తిండి వెతికిన కుక్కలు, అవే రెండు వారాలు మనిషి పక్కన నడక సాధన చేసిన కుక్కలకంటే ఎక్కువ ఆశతో, పోర్చుగల్ అధ్యయనంలో లాగే మధ్యలో పెట్టిన గిన్నె వైపు నడిచాయి. వెతుకులాటలో నిర్ణయం కుక్కది, గెలుపు కుక్కది. ఖర్చూ లేదు. ఎండిన వేరుశనగ కట్టె కుప్పలో, మూడు నాలుగు మూకుళ్ళ కింద, ఇటుకల సందుల్లో కాలేయం ముక్కలు దాచి, కుక్కను వదిలి, మనిషి మాట్లాడకుండా పక్కన నిలబడితే చాలు. అది ముక్కును నేలకు ఆనించి తోక పైకెత్తి తనంతట వెతకడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు తూగుబల్ల పలకను మళ్ళీ నేలమీద పరిచి, కింద కట్టె పెట్టకుండా, మొదటి మెట్టు నుంచి పాఠం మొదలుపెట్టవచ్చు.